అమ్మ అమెరికా ప్రయాణం

పురుడు పుట్టింట్లో పోయడం మన ఆచారం. అమ్మాయి అమెరికాలో ఉంటే మాత్రం పుట్టిల్లే పెట్టె సర్దుకుని బయల్దేరాలి! గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా ఇలాంటి తల్లులు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. "మీ వీసా ఎంతవరకొచ్చింది వదినగారూ?" అన్నది సాయంత్రం వాకింగ్‌లో మామూలు పలకరింపైపోయింది.

టిక్కెట్టు అల్లుడు కొంటాడు. ఫారం కొడుకు నింపుతాడు. పెట్టెలు ఆయన తూకం వేస్తారు. ప్రయాణం చేసేది మాత్రం అమ్మ. తన కాగితాల్లో ఏం రాసుందో తనకే తెలియకుండా అరవై ఏళ్ళ మనిషి సముద్రాలు దాటడం ఎంతవరకు క్షేమం? అందుకే ఈ వివరాలు అమ్మలూ, వాళ్ళను పిలిపించుకునే కూతుళ్ళూ, కోడళ్ళూ కలిసి చదువుకోవాలి.

పేరుతోనే పేచీ

పాస్‌పోర్టులో పుట్టింటివారి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటివారిది, బ్యాంకు పుస్తకంలో పొడి అక్షరాలు... మన ఆడవాళ్ళలో చాలామందికి ఇదే తంటా. వీసా ఫారం, విమానం టిక్కెట్టు రెండింట్లోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు అమెరికా వీసాలో ఉన్న పేరునే ఇంటిపేరుగా వేసి, అసలు పేరు దగ్గర 'ఎఫ్.ఎన్.యు.' అని రాస్తారు. పేరు తెలియదని దానర్థం. కంగారు పడక్కర్లేదు. కాకపోతే వ్యవధి ఉంటే ముందు పాస్‌పోర్టు సరిచేయించుకుంటే నయం.

వీసా మన గుమ్మంలోనే

ఒకప్పుడు ఈ వీసా కోసం చెన్నై వెళ్ళాల్సి వచ్చేది. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్ తెరిచారు. 2023 మార్చి 20 నుంచి నానక్‌రామ్‌గూడలోని సొంత భవనంలో నడుస్తోంది. అయితే పని రెండు చోట్ల ఉంటుందని గుర్తుంచుకోండి. వేలిముద్రలు, ఫొటో హైటెక్ సిటీ మెట్రో స్టేషన్‌లోని వీసా కేంద్రంలో తీసుకుంటారు. ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడలో. ఒకదానికి బదులు ఇంకోదానికి వెళ్తే ఆ పూట కాస్తా పోతుంది.

బంధువులను చూడ్డానికి వెళ్ళేవారికి ఇచ్చేది బి-1/బి-2 వీసా. దానికి నింపే ఫారం పేరు డీఎస్-160. ఫీజు 2023 జూన్ నుంచి 185 డాలర్లు. వీసా రాకపోయినా ఈ డబ్బు తిరిగి రాదు. రుసుములు, నిబంధనలు మారుతుంటాయి కాబట్టి కట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోవాలి. ఫొటో రెండంగుళాల చదరం, కళ్ళజోడు లేకుండా దిగాలి. వేలిముద్రల ముందు వేళ్ళ చివర్లకు గోరింటాకు పెట్టుకోకపోవడం మంచిది.

పెద్దవాళ్ళకు ఇంటర్వ్యూ ఉండదని చాలామంది ఇంకా అనుకుంటున్నారు. 2025 సెప్టెంబరు నుంచి 79 ఏళ్ళు దాటినవారికి కూడా సాధారణంగా ఇంటర్వ్యూ తప్పదు. ఇంగ్లీషు రాదని భయం వద్దు, తెలుగులో మాట్లాడవచ్చు. ఎవరి దగ్గరికి వెళ్తున్నారు, వాళ్ళేం చేస్తారు, ఎన్నాళ్ళుంటారు, ఖర్చు ఎవరిది, తిరిగి రావడానికి ఇక్కడ మీకేమున్నాయి... అడిగేవి దాదాపు ఇవే. ఏజెంటు బట్టీ పట్టించిన జవాబులు అప్పజెప్పకండి. ఉన్నదున్నట్టు చెప్పండి. దొంగ కాగితాలు పెట్టి దొరికితే ఆ దేశం తలుపులు శాశ్వతంగా మూసుకుపోవచ్చు. చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేసొచ్చినా కాగితాలు సరిగ్గా ఉండాల్సిందే! సెల్‌ఫోను, పెద్ద సంచీ లోపలికి రానివ్వరు కనుక వాటిని చూసుకోడానికి ఇంట్లోంచి ఒకరిని తోడు తీసుకెళ్ళండి.

పదేళ్ళ వీసా, ఆర్నెల్ల మకాం

వీసా మీద పదేళ్ళని ఉంటుంది. పదేళ్ళూ అక్కడే ఉండవచ్చని కాదు, ఆ పదేళ్ళలో ఎన్నిసార్లయినా వెళ్ళి తలుపు తట్టవచ్చని. ఒక్కో రాకకు ఎన్నాళ్ళుండాలో అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్ అధికారి నిర్ణయిస్తాడు. సాధారణంగా ఆరు నెలలిస్తారు. ఆ గడువు 'ఐ-94' అనే రికార్డులో ఉంటుంది. దాన్ని అమ్మాయి చేత కంప్యూటర్‌లో చూపించుకుని, ఆ తేదీని మీ డైరీలో మీ చేత్తో రాసుకోండి. గడువు దాటితే మళ్ళీ వెళ్ళడం కష్టమవుతుంది. ఇంకోమాట. ఈ వీసాతో జీతానికి పని చేయకూడదు. పక్కింటి తెలుగువాళ్ళ పాపను నెలకింతని మాట్లాడుకుని చూసుకోవడం కూడా దాని కిందికే వస్తుంది.

పెట్టెలో ఏవి? ఏవి వద్దు?

పచ్చి కరివేపాకు, పళ్ళు, కూరగాయలు, చికెన్, మటన్ పచ్చళ్ళు తీసుకెళ్ళకూడదు. ధాన్యాన్ని తినేసే పురుగు భయంతో మన దేశపు బియ్యం కూడా సామానులో రానివ్వరు. బాలింతకు కారప్పొడి కొడదామని ఎండుకొబ్బరి చిప్పలు పెడతారు. వాటిలోని నూనె వల్ల నిప్పంటుకునే ప్రమాదముందని శంషాబాద్‌లోనే తీయించేస్తారు. గసగసాలు దుబాయ్‌లో నిషేధం. ఆ దారిన వెళ్ళేవారు ముట్టుకోకపోవడమే మేలు.

ఆవకాయ, గోంగూర నూనె కారకుండా సీలు వేయించి పెద్ద పెట్టెలో పెట్టండి. కందిపొడి, శొంఠిపొడి లాంటివీ అందులోనే. అమెరికా వెళ్ళే విమానాల్లో చేతిసంచీలో 350 మిల్లీలీటర్లకు మించిన పొడులకు ఇబ్బంది. పవర్‌బ్యాంకు మాత్రం చేతిసంచీలోనే ఉండాలి. మన మిక్సీ మోయకండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. దిగాక "తినేవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగితే ఉన్నాయని చెప్పేయండి. చెబితే కూడనివి తీసుకుని ఊరుకుంటారు. దాచి దొరికితే జరిమానా. ఇక పురిటి కాయం పెట్టేముందు అమ్మాయి డాక్టర్నోసారి అడగడం మరిచిపోవద్దు.

ఒంట్లో బాగుండాలిగా!

అక్కడ వైద్యం ఖరీదు మన ఊహకందదు. ఆరోగ్య బీమా లేకుండా విమానమెక్కవద్దు. బీపీ, షుగర్ ఉన్నవారు, పాత జబ్బులకు పాలసీ వర్తిస్తుందో లేదో ముందే చదివించుకోండి. తక్కువ ధరకొచ్చే వాటిలో చాలావరకు వర్తించదు. పన్ను, కన్ను పనులు ఇక్కడే చూపించుకుని వెళ్ళండి. మూడు నెలలకు సరిపడా మందులు వాటి స్ట్రిప్పులతోనే, డాక్టరు చీటీతో సహా చేతిసంచీలో ఉంచుకోండి. చీటీలో కంపెనీ పేరుతోబాటు మందు అసలు పేరు కూడా రాయించండి. ప్రయాణంలో పగలూ రాత్రీ తారుమారవుతాయి కనుక ఇన్సులిన్ వేళలు డాక్టరు దగ్గర రాయించుకోవాలి.

నడవలేకపోయినా, ఇంగ్లీషు రాకపోయినా వీల్‌చెయిర్ సాయం టిక్కెట్టుతోపాటే అడగండి. అందులో నామోషీ ఏముంది? అబూదాబీ మీదుగా వెళ్తే అమెరికా ఇమ్మిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది. కాబట్టి అక్కడ విమానం మారడానికి తగినంత వ్యవధి ఉన్న టిక్కెట్టు చూసుకోవాలి.

అక్కడికి వెళ్ళాక

అత్యవసరానికి 911 నంబరు. అమ్మాయి ఇంటి అడ్రసు, ఫోను నంబరు కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి, సెల్‌ఫోను చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది. కొన్ని డాలర్లు మీ చేతిలోనూ ఉండాలి. పసిబిడ్డను కారులో ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం అక్కడ కుదరదు. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేటప్పుడు కూడా ప్రత్యేకమైన సీటులోనే కూర్చోబెట్టాలి.

చాలామంది తల్లులను కుంగదీసేది చలికంటే ఒంటరితనం. పగలంతా ఇంట్లో ఎవరూ ఉండరు. కారు లేనిదే కాలు బయటపెట్టలేని ఊళ్ళే ఎక్కువ. మనకు తెల్లవారేసరికి వాళ్ళకు సాయంత్రం, ఇంటికి ఫోను చేద్దామన్నా వేళ చూసుకోవాలి. ఊరి పబ్లిక్ లైబ్రరీకి ఎవరైనా ఉచితంగా వెళ్ళి కూర్చోవచ్చు. పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరాలయం 1976లో వెలిసింది, ఇప్పుడు తెలుగువారు ఎక్కువగా ఉన్న నగరాల్లో దాదాపు ఎక్కడైనా గుడి ఉంది. వారానికొకసారైనా తీసుకెళ్ళే పూచీ పిల్లలది.

అమ్మాయిలకొక మాట. అమ్మ వస్తోందంటే వంట, రాత్రి మేలుకోవడం, పెద్ద పిల్లవాడి బాధ్యత అన్నీ తీరిపోయాయనుకుంటారు. ఆమె మోకాళ్ళు కూడా ఆమెతోపాటే వస్తున్నాయి! టిక్కెట్టు కొనకముందే ఒక ఆదివారం తీరిగ్గా ఫోనులో మాట్లాడుకోండి. రాత్రి బిడ్డను ఎవరు చూడాలి, వంటలో అల్లుడి వంతు ఎంత, అమ్మకు సెలవు ఏ రోజు, ఆరు నెలలుండాలా, మూడు నెలలకు వచ్చేయాలా? అమ్మలూ, మొహమాటపడి "మీ ఇష్టమే తల్లీ" అనేయకండి. మీకెన్నాళ్ళు వీలవుతుందో మీరే చెప్పండి, తిరుగు టిక్కెట్టు ఆ తేదీకే కొనమనండి.