నెవాడా రోడ్లు: దాటిపోయేవాళ్ళ దారులు

నెవాడాలో పెద్ద నగరాలంటే దక్షిణాన లాస్ వేగస్, వాయవ్య మూలన రీనో. మధ్య దూరం దాదాపు 440 మైళ్ళు. ఈ రెంటినీ కలిపే ఇంటర్‌స్టేట్ ఈనాటికీ పూర్తిగా లేదు. లాస్ ఏంజలస్ నుంచి వేగస్‌కి ఉంది, శాక్రమెంటో నుంచి రీనోకి ఉంది. చుట్టాలు వీకెండుకి సులువుగా వచ్చిపోతారు. ఇంట్లోవాళ్ళకే ఈ గదిలోంచి ఆ గదిలోకి వెళ్ళడం కష్టం. కారణం చరిత్రలో ఉంది. ఈ రాష్ట్రంలో పెద్ద దారుల్లో చాలామటుకు ఇక్కడ ఉండేవాళ్ళ కోసం పడలేదు, కాలిఫోర్నియాకి దాటిపోయేవాళ్ళ కోసం పడ్డాయి.

ముందు నేల సంగతి చెప్పాలి. నెవాడాలో కొండల వరసలు ఉత్తర దక్షిణాలుగా సాగుతాయి, నడుమ వెడల్పాటి లోయలు. తూర్పు నుంచి పడమటికి పోవాలంటే కొండ ఎక్కడం, దిగడం, లోయ దాటడం, మళ్ళీ ఎక్కడం. దీనికి మినహాయింపు ఉత్తరాన ఉన్న హంబోల్ట్ నది. అది ఎల్కో, విన్నెమక్కా మీదుగా పడమటికి పారి, సముద్రం మొహం చూడకుండా లవ్‌లాక్ దిగువన ఎడారిలోనే ఇంకిపోతుంది. 1840లలో కాలిఫోర్నియాకి వలసపోయిన బళ్ళు ఆ నది గట్టునే నడిచాయి. ఎద్దులకి గడ్డి, మనుషులకి నీళ్ళు అక్కడే ఉన్నాయి మరి. నది ఇంకిన తర్వాత నలభై మైళ్ళు తాగునీరు లేని నేల. బంగారం కోసం పరుగులు తీసిన 1849 నాటి జనం అక్కడ పశువుల్ని పోగొట్టుకున్నారు, బళ్ళూ సామాన్లూ వదిలేసి కాలినడకన పోయారు. ఇరవై ఏళ్ళకి సెంట్రల్ పసిఫిక్ రైలు అదే లోయ పట్టుకుంది. తర్వాత యూఎస్ 40, దాని మీద ఐ-80. నెవాడాలో ఐ-80 పని లవ్‌లాక్ బైపాస్‌తో 1983లో గానీ పూర్తి కాలేదు. ఇంజనీర్లు వేసిన రోడ్డే అయినా దారి చూపింది మాత్రం నది.

నడి మధ్యన పోయే యూఎస్ 50ది వేరే కథ. నాకు అన్నిట్లోకీ ఇష్టమైన రోడ్డు ఇదే. 1860లో పోనీ ఎక్స్‌ప్రెస్ గుర్రాలు ఇటువైపే ఉత్తరాలు మోశాయి. మరుసటి ఏడు టెలిగ్రాఫ్ తీగ పడగానే ఆ తపాలా సేవ మూతపడింది. 1913లో ప్రకటించిన లింకన్ హైవే కూడా ఈ ప్రాంతాన్నే ఎంచుకుంది. 1919లో వాషింగ్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి బయలుదేరిన సైనిక వాహనశ్రేణి ఈలీ, యురేకా, ఆస్టిన్ మీదుగా సాగింది. మొత్తం ప్రయాణానికి 62 రోజులు పట్టింది. ఆ బృందంలో ఐసెన్‌హోవర్ అనే యువ అధికారి ఉన్నాడు. 1956లో దేశాధ్యక్షుడిగా ఇంటర్‌స్టేట్ చట్టం మీద సంతకం చేసింది ఆయనే. కానీ ఆ చట్టం తెచ్చిన రోడ్డు ఆయన నడిచిన ఈ దారికి రాలేదు. అప్పటికే పొరుగు యూటా తన సొమ్ము ఉత్తరాన వెండోవర్ వైపు పెట్టింది. ఉప్పు మైదానం మీదుగా 1925లో ఆ రోడ్డు తెరవగానే రద్దీ అటు మళ్ళింది. అంటే యూఎస్ 50 ఒంటరిదవడానికి ఎడారి ఒక్కటే కారణం కాదు, ప్రభుత్వాల లెక్కలూ కారణమే.

1986లో లైఫ్ పత్రిక దీన్ని అమెరికాలోకెల్లా ఒంటరి రోడ్డు అని రాసింది. చూడ్డానికేమీ లేదు, వెళ్ళొద్దన్న హెచ్చరిక కూడా అచ్చయింది. నెవాడా వాళ్ళు గడుసువాళ్ళు. ఆ తిట్టునే బోర్డు కట్టి పర్యాటకానికి వాడుకున్నారు; ఊరూరా ముద్ర వేయించుకొచ్చిన వాళ్ళకి గవర్నర్ సంతకంతో సర్టిఫికెట్ ఇచ్చారు.

దక్షిణాన లాస్ ఏంజలస్ నుంచి వేగస్‌కి వచ్చే ఐ-15 గురించి మనవాళ్ళకి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఊటనీళ్ళు చూసి వ్యాపారుల బిడారులు వేగస్‌లో ఆగేవి, 1905లో రైలు కంపెనీ స్థలాలు వేలం వేసింది, ఊరు పుట్టింది. ఇదీ దాటిపోయేవాళ్ళ దారే.

నెవాడా తన పనుల కోసం వేసుకున్న పెద్ద దారి చూడాలంటే వేగస్ నుంచి ఉత్తరానికి పోయే యూఎస్ 95 ఎక్కాలి. 1900లో టోనోపాలో వెండి, రెండేళ్ళకి గోల్డ్‌ఫీల్డ్‌లో బంగారం బయటపడ్డాయి. గనుల కోసం రాగి కోటీశ్వరుడు విలియం క్లార్క్ వేగస్ నుంచి రైలు వేయించాడు. వేగస్ ఉన్న క్లార్క్ కౌంటీకి ఆయన పేరే. గనులు చల్లబడ్డాయి, 1918లో రైలు ఆగింది, పట్టాలు పీకేసిన కట్ట చాలాచోట్ల హైవే అయింది. 1951లో అణుపరీక్షలు మొదలయ్యాక, ఆ పరీక్షాస్థలి ఊరైన మెర్క్యురీకి పనికి పోయే కార్లతో ఆ రెండు లేన్ల రోడ్డు కిక్కిరిసింది. ప్రమాదాలు ఎంతగా జరిగేవంటే దానికి ‘విడో మేకర్’ అని పేరు పడింది. ఆ ముక్కని నాలుగు లేన్లు చేయడానికి అన్ని చావులు కావలసి వచ్చాయి.

ఇప్పుడు ఆశంతా కొత్త ఇంటర్‌స్టేట్ ఐ-11 మీద. హూవర్ డ్యామ్ మీద నుంచి పోయే యూఎస్ 93 రద్దీని 2010లో కొత్త వంతెనకి మళ్ళించారు, 2018లో బౌల్డర్ సిటీ బైపాస్ తెరిచారు. ఐ-11ని యూఎస్ 95 వెంట ఉత్తరాన ఐ-80 దాకా తీసుకెళ్ళడానికి 2015 నాటి చట్టం దారి తెరిచింది. చట్టం వేరు, తారు వేరు. మెర్క్యురీ దాటాక ఇంకా చాలా దూరం రెండు లేన్లే. ఈలోగా రీనో వెళ్ళేవాళ్ళు బియాటీలోనో టోనోపాలోనో ట్యాంకు నింపుకోండి. టోనోపా నుంచి హాథోర్న్ 100 మైళ్ళ పైమాటే.