కరుణచిత్రములు, కన్నీటి శాస్త్రము

డబ్బిచ్చి టిక్కెట్టు కొని, మూడు గంటలసేపు చీకటిలో కూర్చుండి, కొంగు తడియునట్లు ఏడ్చి, ఇంటికి మరలివచ్చి, ‘ఎంత మంచి బొమ్మ!’ అని ఇరుగుపొరుగువారితో చెప్పుకొను ప్రాణి ఈ సృష్టిలో మానవుడొక్కడే. 1953 జూన్ 26వ తేదీన ‘దేవదాసు’ విడుదలైననాటికి ఆ కథ తెలుగువారికి క్రొత్తది కాదు. శరత్‌బాబు నవల 1917లోనే బెంగాలీలో అచ్చైనది. చక్రపాణిగారి అనువాదము పుణ్యమా అని మనవారు దానిని తెలుగులోను చదివియుండిరి. నాయకుడు పార్వతి యింటి వాకిట ప్రాణము విడుచునని ఎరిగియే జనులు ఆ చిత్రమునకు పోయిరి. చూచి, ఏడ్చి, మరల పోయిరి. నిజజీవితమున దుఃఖమనగానే ఆమడదూరము పరుగెత్తు మనిషి, తెరమీది దుఃఖమును ఇట్లు వెదకికొని పోవుట ఎందులకు?

ఈ ప్రశ్నను 14వ శతాబ్దముననే అడిగినవాడు కళింగదేశపు విశ్వనాథకవిరాజు. విశాఖ మన్యములోని మన హుకుంపేట కొండలనుండి తూర్పుకనుమల వెంట ఉత్తరముగా సాగినచో చేరు దేశమే అది. కరుణరసము నిజముగా దుఃఖమే కలిగించునదైనచో దాని దరికి ఎవడును పోడు గదా, రామాయణమును వినువాడే యుండడు గదా, అని ‘సాహిత్యదర్పణము’లో ఆయన వాదించెను. మరి సుఖమే యైనచో కన్నీరేల? చిత్తము కరుగుటచేత అని ఆయన సమాధానము. అంతకు ఎన్నో శతాబ్దములకు ముందే భరతుడు స్తంభము, స్వేదము, రోమాంచము మొదలగు ఎనిమిది సాత్త్వికభావములలో అశ్రువును చేర్చియుండెను. చెమట వలె, గగుర్పాటు వలె, కన్నీరును మనస్సు పట్టున దేహము చేయు పని యని ఆ పెద్దల ఎరుక. ప్రయోగశాలలు లేని కాలమున ఇంతదూరము రాగలిగిరనుట నాకు ఎప్పటికిని ఆశ్చర్యమే.

దేహము ఆ పనిని ఎట్లు చేయునో నేటి శాస్త్రజ్ఞులు విప్పి చెప్పినారు. ప్రతి కంటికిని పైభాగమున, చెంపవైపు మూలలో, ఒక అశ్రుగ్రంథి కలదు. కనుగ్రుడ్డు ఎండిపోకుండ అనుక్షణము పలుచగా ఊరు నీరు ఒకవిధము. ఉల్లిపాయ కోసినపుడు, పొయ్యి పొగ తగిలినపుడు ఉబికి వచ్చునది రెండవ విధము. మనోవేదనచేత, ఒక్కొక్కప్పుడు మహానందముచేత కూడ, స్రవించునది మూడవది. ఈ మూడవదానికి ఆజ్ఞ మెదడు లోతులలోని భావకేంద్రములనుండి బయలుదేరి, ముఖనాడి మార్గమున గ్రంథిని చేరును. సాధారణముగా ఈ నీరు ముక్కువైపు కంటిమూలనుండు సన్నని రంధ్రములగుండ ముక్కులోనికి జారిపోవును. వరద హెచ్చి ఆ కాలువ చాలనపుడు చెంపలపై పొర్లును. సినిమాహాలులో కన్నులకంటె ముందు ముక్కులు చీదు చప్పుడు వినవచ్చుటకు కారణమిదియే.

‘ఏడ్చిన బరువు దిగును’ అన్న లోకోక్తికి రసాయనశాస్త్రపు సాక్ష్యము దొరకునేమోయని 1980 ప్రాంతమున అమెరికాలో విలియం ఫ్రే అను జీవరసాయనవేత్త యత్నించెను. కొందరికి విషాదచిత్రములు చూపించి, వారికే ఉల్లివాసనయు తగిలించి, రెండుమారులును కన్నీటిని గాజునాళములలో పట్టి పరీక్షించగా, ఉల్లి తెప్పించిన కన్నీటికంటె సినిమా తెప్పించిన కన్నీట మాంసకృత్తులు హెచ్చుగా ఉన్నవని తేలెను. శరీరములోని విషములు కన్నీటితో కొట్టుకొనిపోవునను మాట అటుపిమ్మట లోకమంతట వ్యాపించినది. నాకు ఇది రుచింపలేదు. ఎంత ఏడ్చినను రాలునది కొన్ని చుక్కలే; అందులోను కొంత ముక్కుదారిన గొంతులోనికే పోవును. ఆ కాస్త నీటితో శరీరము ప్రక్షాళితమగుననుట నమ్మదగినది కాదు.

మరి బరువు దిగుట అబద్ధమా? కాదు. అది దిగు సమయమును మనము తప్పుగా ఎంచుచున్నాము. నెదర్లాండ్సులోని టిల్బర్గ్ విశ్వవిద్యాలయమువారు 2015లో ప్రకటించిన ప్రయోగమొకటి ఈ విషయమును చక్కగా తేటపరచినది. 60 మందికి రెండు చిత్రములు చూపిరి: నాజీల నిర్బంధశిబిరములో కొడుకునకు భయము తెలియనీయక కాపాడు తండ్రి కథయగు ‘లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్’ ఒకటి, చనిపోయిన యజమానికై రైల్వేస్టేషనులో ఏండ్ల తరబడి ఎదురుచూచు కుక్క కథయగు ‘హాచీ’ మరియొకటి. వారిలో 28 మంది ఏడ్చిరి, 32 మంది ఏడ్వలేదు. చిత్రము ముగిసినవెంటనే మనస్సు ఎట్లున్నదని అడుగగా, ఏడ్వనివారి స్థితి మారలేదు. ఏడ్చినవారి మనస్సు మునుపటికంటె క్రుంగియున్నది! ఇరువది నిమిషములకు వారు యథాస్థితికి వచ్చిరి. తొంబది నిమిషములు గడచినపిమ్మట అడిగినపుడు మాత్రము, అసలు చిత్రము చూడకముందుకంటె గూడ తేలికపడియుండిరి. అనగా కన్నీటి ఫలము కన్నీటిలో లేదు. దాని తరువాతి గంటన్నరలో ఉన్నది.

ఆ గంటన్నరలో ఏమి జరుగును? హుకుంపేటలో ఒక కాఫీరైతు ఇంట, పుష్యమాసపు చలిరాత్రి, ‘మాతృదేవోభవ’ను టీవీలో చూచినవారిని చూచుట నాకు తటస్థించినది. 1993లో వచ్చిన చిత్రమది. వేటూరికి జాతీయపురస్కారము తెచ్చిన పాట అందులోనిదే. భర్తను పోగొట్టుకొని, తానును రోగగ్రస్తయై, కన్నుమూయులోపల బిడ్డలను ఒక్కొక్కరినే పరుల ఇండ్లకు అప్పగించు తల్లిగా మాధవి నటించినది. పగలంతయు కాఫీపండ్లు కోసి వచ్చినవారు పదిమందికి పైగా గదిలో ఒదిగి కూర్చుండిరి. వారిలో ఒక ముసలమ్మకు ఇంటిభాష ఆదివాసీ ఒడియా; తెలుగు సంత బేరములకు చాలినంతే వచ్చును. తల్లి రెండవబిడ్డను విడుచునప్పటికే, సంభాషణ పూర్తిగా తెలిసినవారందరికంటె ముందు, ఆమె కొంగు ముఖమునకు అడ్డము పెట్టుకొన్నది. ‘సినిమాయే కదత్తా!’ అని నవ్వబోయిన కోడలు మరునిమిషముననే తానును ముక్కు చీదుకొన్నది. బొమ్మ అయిన తరువాత ఎవ్వరును లేచి పోలేదు. వాకిట నెగడు చుట్టును చేరి, ఆ పిల్లలను విడదీయకుండ ఎవరైన ఒక్కరే పెంచుకొనియుండవలసినదని వాదులాడుకొని, తమ తమ వాడలలోని తల్లిలేని పిల్లల మాట తలచుకొని, క్రమముగా కాఫీధరలలోనికి దిగి, చివరకు ఎవరో ఏదో అనగా పకపక నవ్విరి.

భాష చాలకున్నను ముసలమ్మ ఎట్లు ఏడ్చెను? కాలిఫోర్నియాలో జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అను పండితులు, మనోభావములను రేపుటకు పనికివచ్చు చిత్రఖండములకై 250కి పైగా చిత్రములను గాలించి, 1995లో తమ ఫలితములు ప్రకటించిరి. వారికి దుఃఖమునకు మిక్కిలి అనువుగా తోచిన ఖండములలో ‘ది చాంప్’ కడపటి దృశ్యము పేరు పొందినది: ముష్టియుద్ధమున మరణించిన తండ్రి శవమువద్ద ఒక చిన్నపిల్లవాడు విలపించుట. మూడు నిమిషములైన లేదు. అందు ఉన్నది ముఖమును, గొంతును, కన్నీరును మాత్రమే. రాబర్ట్ ప్రొవైన్ అను మరియొక పరిశోధకుడు ఏడ్చువారి ఛాయాచిత్రములనుండి కన్నీటిని మాత్రము చెరిపివేసి జనులకు చూపగా, ఆ ముఖములలో దుఃఖము తగ్గినట్లును, కొన్నిటిలో అది ఏ భావమో పోల్చుకొనుటకే కష్టమైనట్లును కనబడెను. కన్నీరు ఎదుటివానికి పంపు సంకేతము. తెరమీది తల్లి పంపినది ముసలమ్మకు అందినది, ముసలమ్మ పంపినది కోడలికి అందినది.

ఒక్కచోట కూర్చుండి ఏడ్చుటలోని ఈ లాభమును ఆక్స్‌ఫర్డులో రాబిన్ డన్బార్ బృందము కొలిచి చూచెను. కొలిచిన సాధనమేమో తెలుగు పాఠకులు ఊహింపజాలరు: గోడకుర్చీ! మన పంతుళ్లు శిక్షగా వేయించు ఆ గోడకుర్చీలోనే జనులను కూర్చుండబెట్టి, నొప్పిని ఎంతసేపు ఓర్తురో చిత్రమునకు ముందొకమారు, వెనుకనొకమారు లెక్కించిరి. 169 మంది ఒక నిరాశ్రయుని విషాదగాథను చూచిరి. ఇతరులు సామాన్యమగు డాక్యుమెంటరీలు చూచిరి. 2016లో ప్రకటితమైన ఫలితము ప్రకారము, విషాదగాథ చూచినవారికి ఓర్పు పెరిగినది. ప్రక్కవారితో తామొకటియను భావమును పెరిగినది. ఎండార్ఫినులను దేహజములగు వేదనాహరములు ఇందుకు కారణమని వారి అనుమానము. గోడకుర్చీ వేయించుటకు ముందు ‘దేవదాసు’ చూపించు పంతులు ఇంకను పుట్టవలసియున్నాడు.

అయితే ఈ మందు అందరికిని కాదు. విషాదరోగముతో క్రుంగియున్నవారికి ఏడ్పు అంతగా ఊరట నీయదని పరిశోధనలు తెలుపుచున్నవి. గాయము పచ్చిగా ఉన్నవారికి తెరమీది మరణము తమ ఇంటి మరణమే యగును, పరదుఃఖమను ఆ కొంచెపు ఎడము నశించును. అట్టివారికి కావలసినది సినిమా కాదు, మనిషి, అవసరమైనచో వైద్యుడు.

మిగిలినవారు ఏ చిత్రము చూడవలెను? బాలచందరు 1978లో విశాఖ, భీమిలి తీరములలో తీసిన ‘మరోచరిత్ర’ మన కొండవారికి చేరువది. ఘాటు దిగిన కొండజనులు చూచు సముద్రమే అందులో తెలుపునలుపులలో ఘోషించును. ‘మూగమనసులు’ (1964) గోదావరి పడవలలో మెల్లగా కరిగించును. ఏడ్పు తొందరగా రానివారికి నేను దీనినే చెప్పుదును. ‘మాతృదేవోభవ’ను ఒంటరిగా చూడరాదు. ఇక ‘దేవదాసు’ మూడు గంటలకు పైబడిన చిత్రము. రాత్రి ఏడింటికి మొదలిడినచో ముగియునప్పటికి పది దాటును. దానిపై నెగడు వద్ద గంటన్నర వేసికొనవలెను. కనుక కాఫీకోతల కాలమున, తెల్లవారకముందే తోటకు పోవలసినవారు మరునాడు పనిలేని రాత్రిని చూచుకొని మొదలుపెట్టుట మంచిది; బొమ్మ కాగానే ఛానలువారు హాస్యపుముక్కలు మొదలిడినచో వెంటనే టీవీ కట్టివేయవలెను.