క్రొత్త విమానములు – మామునూరు భూములు

పాత యెద్దునమ్మి క్రొత్తదానిని కొను రైతు, అది తన కాడికిని తన చేనికిని తగునా యని ముందుగా చూచుకొనును. విమానసంస్థలు ముసలి జెట్టు విమానములను మార్చునపుడు ఇంతపాటి విచారణ జరుగుచున్నదా యను ప్రశ్న ఓరుగల్లు చుట్టుపట్ల జిల్లాలకు నేడు మిక్కిలి ముఖ్యమైనది.

హైదరాబాదు సంస్థానపు దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో లీనమయ్యెను. 1970వ దశకారంభమునుండి ఆ సంస్థ బోయింగ్ 737–200 జెట్టులతో చిన్నదూరపు ప్రయాణములు నడిపెను. అవి ముదిసిన పిదప 1996లో ఏర్పడిన అలయన్స్ ఎయిర్ శాఖకు చేరెను. 2000 జూలై 17న పాట్నాలో అట్టి విమానమొకటి కూలి 60 మంది మరణించిరి. సిబ్బంది పొరపాటే కారణమని విచారణలో తేలినను, ముసలి విమానములపై ప్రజలకు కలిగిన అపనమ్మకము తొలగలేదు. 2006లో 43 ఎయిర్‌బస్ విమానములకు ఒడంబడిక కుదిరెను. 2023లో ఎయిర్ ఇండియా 470 విమానములకు ఉత్తరువిచ్చెను. వానిలో 400 ఎయిర్‌బస్ 320, బోయింగ్ మాక్స్ తరగతులవి.

ఈ మార్పు మంచిదే. క్రొత్త యంత్రములు తక్కువ చమురు త్రాగును. కాని సుమారు 180 మందిని మోయు విమానమునకు పొడవైన రన్‌వే కావలెను. పొడవైన రన్‌వేకు భూమి కావలెను. 70 మంది యెక్కు ఏటీఆర్ విమానమునకు అంత అక్కరలేదు. కావున దూరనగరమున కుదిరిన కొనుగోలు రైతు గట్టును కదల్చుచున్నది.

నిజాము కాలపు మామునూరు విమానాశ్రయము దశాబ్దములుగా నిత్యప్రయాణములకు దూరమై యుండగా, 2025 ఫిబ్రవరిలో కేంద్రము దాని పునరుద్ధరణకు అనుమతించెను. అంతకు మునుపే, 2024 నవంబరులో, 253 ఎకరముల సేకరణకై రాష్ట్ర ప్రభుత్వము 205 కోట్ల రూపాయలు మంజూరు చేసెను. దీనివలన అందరికి ఒకే లాభము లేదు. జనగామవాసికి హైదరాబాదు దారి సుగమమే. మహబూబాబాదునకు రైలు కలదు. రైలులేని భూపాలపల్లి గని కార్మికునికి, అత్యవసర రోగికి మామునూరు మేలుచేయగలదు. అదియు విమానము నిత్యము వచ్చి, టిక్కెట్టు అందుబాటులో నున్నప్పుడే.

ఆ నమ్మకమునకు ఆధారమేమి? ఉడాన్ పథకమున మొదటి మూడు విడతలలో కేటాయించిన 774 మార్గములలో 54 మాత్రమే రాయితీకాలము దాటి నిలిచెనని 2023లో కాగ్ నివేదించెను. రాయితీ తీరిన విమానము మరియొక ఊరికి మరలిపోవును. రన్‌వే క్రింద పోయిన మాగాణి మరల నాగలికి రాదు.

అభివృద్ధికి అడ్డు నిలువుమని మేము చెప్పుట లేదు. ఏ తరగతి విమానములు, ఏయే నగరములకు, ఎన్ని యేండ్లు నడుపుదురో సంస్థలచేత వ్రాతపూర్వకముగా చెప్పింపవలెను. ముందు చిన్న విమానములతో సేవ నారంభింపవలెను. భూమి నిచ్చిన రైతుకు బజారు ధర సకాలమున ముట్టవలెను. ఈ మూడింటిని అడుగుట పట్టణ వర్తకునికిని, పల్లె భూస్వామికిని సమానధర్మము.