పెద్ద టైర్లకు తగిన పళ్లచక్రములు

రాళ్లదారులలోను, ఇసుకవాగులలోను నడపవలసిన జీపుకు పెద్ద టైర్లు వేయుట వాడుక. టైరు వ్యాసము ఎంత పెరుగునో అందులో సగము మేరకు ఇరుసు నేలనుండి పైకి లేచును; రాళ్లు అడుగున తగులవు. ఈ లాభము కంటికి కనబడును. కాని టైర్లు మాత్రమే మార్చి ఊరకున్నచో, అదే బండి మునుపు సులువుగా ఎక్కిన గట్టును ఇప్పుడు ఎక్కలేక ఆయాసపడును. దీనికి కారణమేమి?

ఇంజను బలమును ఇరుసునకు చేర్చు పొడవైన కడ్డీ చివర పినియన్ అను చిన్న పళ్లచక్రముండును. అది ఇరుసులోని క్రౌన్ అను పెద్ద పళ్లచక్రమును త్రిప్పును. పినియన్‌కు 10 పళ్లు, క్రౌన్‌కు 41 పళ్లు ఉన్నవనుకొందము. కడ్డీ 4.10 చుట్లు తిరిగినగాని బండిచక్రము ఒక చుట్టు తిరగదు. దీనినే ఇరుసు నిష్పత్తి అందురు. వేగము ఎన్ని రెట్లు తగ్గునో, త్రిప్పుబలము ఇంచుమించు అన్ని రెట్లు పెరుగును.

రెండవ ప్రపంచయుద్ధకాలపు విల్లీస్ ఎం.బి. సైనిక జీపులో ఈ నిష్పత్తి 4.88. 1945లో పొలము పనులకు కూడ ఉద్దేశించి తెచ్చిన సి.జె.-2ఎ జీపులో 5.38. నాగలి లాగుటకు వేగముకంటె బలము ముఖ్యము గదా!

ఇక టైరు సంగతి. ఇరుసు త్రిప్పుబలమును టైరు వ్యాసార్ధముచే భాగించినచో నేలను నెట్టు బలము వచ్చును. కావున 74 సెం.మీ. టైర్లు తీసి 84 సెం.మీ. టైర్లు వేసినచో నెట్టుబలము నూటికి 12 వంతులు తగ్గిపోవును. దీనిని పూడ్చుటకు టైరు పెరిగిన పాళ్లలోనే నిష్పత్తిని పెంచవలెను:

కొత్త నిష్పత్తి = 4.10 × 84 ÷ 74 = 4.65.

అయితే పళ్లు పూర్ణసంఖ్యలలోనే ఉండును. దొరకు జతలు కొన్నియే. 4.65కు దగ్గరగా దొరకునవి 41కి 9, అనగా 4.56, లేక 39కి 8, అనగా 4.88. వీనిలో ఏది మేలు?

గంటకు 60 కి.మీ. అనగా నిమిషమునకు 1000 మీటర్లు. పాత టైరు ఆ దూరములో సుమారు 430 చుట్లు, కొత్త టైరు 379 చుట్లు తిరుగును. టాప్ గేరులో కడ్డీయు ఇంజనును సమముగా తిరుగు బండిలో ఇంజను నిమిషమునకు చేయు చుట్లు ఇట్లుండును:

పాత టైరు, 4.10 – 1760
కొత్త టైరు, 4.10 – 1550
కొత్త టైరు, 4.56 – 1730
కొత్త టైరు, 4.88 – 1850

హెచ్చుకాలము రహదారిపై తిరుగు బండికి 4.56 చాలును, ఇంజను మునుపటివలెనే నడచును. కొండలెక్కుచు, బరువులు లాగు బండికి 4.88 మేలు, కాని రహదారిపై ఇంజను చప్పుడును, ఇంధనపు ఖర్చును కొంత హెచ్చును.

నాలుగు చక్రములకును బలమందు బండిలో ముందు వెనుక ఇరుసులు రెంటిని ఒకే నిష్పత్తికి మార్చవలెను. ఒకదానినే మార్చినచో ముందు చక్రములొక వేగముతో, వెనుకవి వేరొక వేగముతో తిరుగజూచును. గట్టి నేలపై ఆ పెనుగులాటకు పళ్లు విరుగును.

వేగసూచికి గేరుపెట్టె వైపునుండి తీగ వచ్చు జీపులలో, టైర్లు మాత్రమే మార్చినచో సూచి 60 చూపునప్పుడు నిజవేగము 68 ఉండును. 4.56 జత వేసినచో అది 61కి దిగును.

కాని ఒక లోటును ఏ పళ్లచక్రమును తీర్చలేదు. బ్రేకు పట్టు చక్రము మధ్యనుండును. బండి ఆగవలసినది టైరు అంచున. పెడలును మునుపటంత బలముతో త్రొక్కినను, నేలపై ఆపుబలము 12 వంతులు తగ్గియే ఉండును. కావున టైరు పెంచువాడు ఇరుసుతోపాటు బ్రేకులను కూడ చూచుకొనవలెను. ఎక్కలేని బండి గట్టు క్రిందనే నిలిచిపోవును. ఆగలేని బండి ప్రాణములకే ముప్పు తెచ్చును.