మీకు తెలుసా? పట్టాలు పోయిన దారిలో సైకిళ్లు

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్‌రాయ్ నుంచి స్పార్టా దాకా సుమారు 51 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. ఒకప్పుడు అది రైలు మార్గం. 1960లలో రైళ్లు ఆగిపోయాక రాష్ట్ర ప్రభుత్వం ఆ స్థలాన్ని కొని, పాత కట్ట మీద సున్నపురాయి పొడి పరిచి చదును చేయించింది. ఆ దేశంలో ఈ పద్ధతికి ఆద్యం ఇదేనంటారు.

అసలు సరదా అంతా సొరంగాల్లోనే. మొత్తం మూడు. పెద్దది కిలోమీటరు పైచిలుకే. లోపల దీపాల్లేవు, ఎండాకాలంలోనూ చలి, నెత్తిన టపటపా నీటి చుక్కలు. సైకిల్ దిగి, టార్చి వేసుకుని నడిపించుకుంటూ పోవాల్సిందే. సొరంగం నోటికి భారీ చెక్క తలుపులు కూడా ఉన్నాయి! శీతకాలంలో తడి గడ్డకట్టి రాయి పగలకుండా వాటిని మూసి ఉంచేవారు. రైలొచ్చే వేళకు తెరవడానికి ఓ కాపలాదారు. చలిలో ఎంత విసుగు ఉద్యోగమో!

ఆవిరి ఇంజన్లు నిటారు ఎత్తులు ఎక్కలేవు. అందుకే కొండలు తొలిచి, పల్లాలు పూడ్చి వాలు తగ్గించారు. ఆ పుణ్యమా అని ఇలాంటి బాటల్లో పెద్దవాళ్లూ ఆయాసం లేకుండా సైకిల్ తొక్కుతున్నారు.

మూతపడ్డ మార్గాన్ని, మళ్లీ రైలు నడిపే హక్కు అట్టేపెట్టుకుని, బాటగా వాడుకోవచ్చని 1983లో అమెరికాలో చట్టాన్ని సవరించారు. రైళ్లు ఆగాక ఆ స్థలం తమకే రావాలంటూ పక్క భూముల వాళ్లు కోర్టుకెక్కారు. చట్టం చెల్లుతుందని 1990లో సుప్రీంకోర్టు తేల్చింది. నష్టపరిహారం అడిగే హక్కు మాత్రం వాళ్లకు ఉంచింది.