వృథా చేయవద్దని చెబితే చాలునా? విద్యుత్ పొదుపు బోధనపై ఒక పరిశీలన

విద్యుత్తును పొదుపుగా వాడుకోమని సంఘంలో చెప్పవలసి వచ్చినప్పుడు మనలో చాలామంది ఎన్నుకొనే మార్గము ఒకటే. ముందు దుర్వినియోగము ఎంత విస్తారంగా ఉన్నదో వర్ణిస్తాము. ఎవరికీ పట్టడంలేదని, అందరూ ఇలాగే ఉన్నారని బాధపడతాము. ఆ తరువాత మారమని హెచ్చరిస్తాము. సృష్టి పట్ల మానవునికున్న బాధ్యతకు లేఖనాధారమేమిటో (ఆది. 2:15) ఈ పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ వచనములోని 'అబద్', 'షామర్' అను హెబ్రీ క్రియలను గురించి కావలసినంత వివరణ ఇప్పటికే వచ్చింది. ఈ వ్యాసములో అడుగుతున్న ప్రశ్న వేరు. అలా హెచ్చరించినప్పుడు విన్నవారు నిజంగా మారుతున్నారా? సామాజిక మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని కొలిచి చూశారు. వారికి దొరికిన జవాబు ప్రసంగీకులకు అంతగా రుచించేది కాదు.

విద్యుత్తుకు సంబంధించని ఒక ప్రయోగముతో మొదలుపెట్టుట మంచిది. అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో పెట్రిఫైడ్ ఫారెస్ట్ అనే జాతీయ ఉద్యానవనమున్నది. కోట్ల సంవత్సరాల క్రితం రాయిగా మారిపోయిన చెట్ల ముక్కలు అక్కడ నేలమీద పడి ఉంటాయి. వచ్చినవారు వాటిని జేబులో వేసుకొని పోవడం పాత సమస్య. రాబర్ట్ చల్దీని అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి అక్కడ రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. చాలామంది ముక్కలు తీసుకుపోయినందున అడవి స్వరూపమే మారిపోయిందని ఒక బోర్డు చెప్పింది. దయచేసి తీసుకుపోవద్దని మాత్రమే రెండవది చెప్పింది. గుర్తుపెట్టి దారిలో ఉంచిన ముక్కలలో మొదటి బోర్డు ఉన్నప్పుడు 7.92 శాతం, రెండవది ఉన్నప్పుడు 1.67 శాతం మాయమైనట్లు 2003లో ప్రచురించిన వ్యాసములో ఆయన తెలిపారు. మొదటి బోర్డులో నిజానికి రెండు మాటలున్నాయి. ఒకటి, ఇది తప్పు. రెండు, ఇది అందరూ చేసేదే. చదివినవారిలో కొందరు రెండవ మాటను పట్టుకున్నారు. 'అందరూ ఇలాగే ఉన్నారు' అని పుల్పిట్ మీదనుండి మనము వాపోయినప్పుడు జరిగేది కూడ ఇదే కావచ్చును.

ఇక విద్యుత్తు సంగతి. కాలిఫోర్నియాలోని శాన్ మార్కోస్ పట్టణంలో సుమారు 290 ఇండ్లపై జరిగిన పరిశోధన 2007లో వెలువడింది. ఆ ఇంటివారు ఎన్ని యూనిట్లు వాడారో, ఇరుగుపొరుగువారి సగటు ఎంతో ఒక కాగితముపై వ్రాసి తలుపుకు తగిలించారు. సగటుకు మించి వాడుతున్నవారు తగ్గించారు. అయితే అంతవరకు తక్కువగా వాడుతున్నవారు పెంచారు! తాము అనవసరంగా ఇబ్బందిపడుతున్నామని వారికి తోచి ఉండవచ్చు. ఆశ్చర్యమేమంటే, తక్కువ వాడినవారి కాగితముపై చిరునవ్వు ముఖము బొమ్మ ఒకటి గీసి ఇచ్చినప్పుడు వారి వాడకము పెరగలేదు. పొదుపు చేసేవారిని మెచ్చుకొనుట సంఘాలలో మనము దాదాపు మరచిపోయిన పని.

అదే బృందంలోని వారు 2008లో ప్రచురించిన మరొక పరిశోధన ఇంకా లోతైనది. మీరెందుకు విద్యుత్తును ఆదా చేస్తారని కాలిఫోర్నియా ప్రజలను అడిగితే పర్యావరణము కోసమని, సమాజము కోసమని, డబ్బు కోసమని చెప్పారు. పొరుగువారు చేస్తున్నారు గనుక అనే కారణానికి చివరి స్థానమిచ్చారు. కాని మీటర్లు చూసినప్పుడు వారిని ఎక్కువగా కదిలించినది పొరుగువారిని గురించి చెప్పిన కాగితమే. మనుష్యులు తమను కదిలించేది ఏమిటో తామే ఎరుగరన్నమాట.

అయితే ఈ పద్ధతిని గొప్ప చేసి చెప్పుట సరికాదు. ఇలాంటి పోలిక ఉత్తరాలను ఓపవర్ అనే సంస్థ అమెరికాలో సుమారు ఆరు లక్షల గృహాలకు పంపగా వాడకము సగటున 2 శాతము తగ్గిందని 2011లో హంట్ ఆల్కాట్ అనే ఆర్థికవేత్త లెక్కగట్టారు. అది మంచిదే గాని చిన్నది. వస్తువును మార్చితే వచ్చే లాభము దీనికంటే ఎంతో పెద్దది. 75 వాట్ల పాత ఫ్యాను రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు 27 యూనిట్లవుతుంది. 30 వాట్ల బి.ఎల్.డి.సి. ఫ్యానుకు సుమారు 11 యూనిట్లు చాలు. ప్రతి దినము గుర్తుంచుకోవలసిన పనికంటే ఒక్కసారి చేసి మరచిపోగల పని జరిగే అవకాశము ఎక్కువ. మన దేశంలో 2020 జనవరి 1 నుండి స్టార్ లేబుల్ గల రూమ్ ఏసీలు 24 డిగ్రీల వద్ద మొదలయ్యేలా తయారు కావాలన్న నిబంధన వచ్చింది. ఇష్టమైతే తగ్గించుకోవచ్చు, కాని చాలామంది ఉన్నదానిని ఉన్నట్లే వదిలేస్తారన్నది దాని వెనుకనున్న ఆలోచన. అక్కడ ఏ ప్రసంగమూ అవసరము లేదు.

మన సంఘాలకు వచ్చేసరికి, చెప్పుటకు ముందు ఎవరితో చెబుతున్నామో చూడాలి. రెండు బల్బులు, ఒక ఫ్యానుతో వేసవి గడిపే కుటుంబము, ప్రతి గదిలో ఏసీ ఉన్న కుటుంబము ఒకే బల్లల వరుసలో కూర్చుంటారు. ఇద్దరినీ ఒకే మాటతో గద్దించుట న్యాయము కాదు. మొదటి కుటుంబానికి కావలసినది బహుశా ఇంకొక ఫ్యాను. పైగా, తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన గృహజ్యోతి వంటి పథకము క్రింద 200 యూనిట్లలోపు వాడి సున్నా బిల్లు పొందే ఇంటివారితో డబ్బు మిగులుతుందని వాదించి ప్రయోజనము లేదు.

మందిరము సంగతి కూడ లెక్కతోనే చూడవలెను. పది ఫ్యాన్లు నెలకు 20 గంటలు తిరిగినా అయ్యేది 15 యూనిట్లే, అనగా ఇంట్లో ఆ ఒక్క పాత ఫ్యానుకయ్యే దానికంటే తక్కువ. గనుక మందిరములో ఫ్యాన్లు మార్చినందువలన మిగిలేది స్వల్పము. కాని మార్చినది అందరూ చూస్తారు. ఈ సంవత్సరము ఇన్ని కుటుంబాలవారు తమ ఇండ్లలో ఫ్యాన్లు మార్చుకున్నారని, నిజంగా లెక్కించి, ప్రకటనలలో ఒక్క మాట చెబితే, పై పరిశోధనలను బట్టి చూస్తే అది అరగంట గద్దింపుకంటే మేలు. ఆ సంఖ్య చిన్నదైనను పెంచి చెప్పకూడదు. క్రిందటి సంవత్సరముకంటే పెరిగినదని చెప్పవచ్చును.

దీనిని సంఘములో ప్రయత్నించదలచిన విద్యార్థులు బిల్లులు పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మే నెల యూనిట్లను డిసెంబరుతో పోల్చితే మన బోధ ఫలించినట్లే కనబడుతుంది. అది చలికాలము చేసిన పని. ఈ మే నెలను పోల్చవలసినది గత సంవత్సరపు మే నెలతోనే. ఇంటిలోని వారి సంఖ్య మారిందేమో కూడ అడిగి వ్రాసుకోవాలి.