చలిసీమలో చావని మొక్కలు

మేము కోయంబత్తూరునుండి ఊటీకి బదిలీ అయి వచ్చినప్పుడు లారీలో మంచాలు, పెట్టెలతోపాటు మూడు కుండీలు కూడ కొండ ఎక్కినవి. తులసి, కరివేప, కనకాంబరం. మూడూ మా అమ్మగారివే. తాతలనాటినుండి తమిళదేశంలో ఉన్నవారమైనా వాకిట తులసి లేని ఇల్లు మా వంశంలో లేదు.

ఊటీ సుమారు 7,350 అడుగుల ఎత్తున ఉన్నది. డిసెంబరు, జనవరి నెలలలో మబ్బు లేని, గాలి కదలని రాత్రి గడిచి తెల్లవారేసరికి, పల్లపు నేలలలో గడ్డిమీద ఉప్పు చల్లినట్లు మంచు పేరుకొంటుంది. ఇక్కడివారు దానిని ఉరైపని అంటారు. మొదటి ఏడే ఒకనాటి ఉదయం మూడు మొక్కలూ నిప్పు సెగ తగిలినట్లు నల్లబడి వాలిపోయినవి. అమ్మగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇంటిముందరి డాలియాలు కూడ అట్లే నల్లబడినవి. చచ్చినవే గదా అని మేము వాటిని గడ్డలతో సహా పెకలించి, గోడ అవతల పెంటకుప్పమీద పారవేసినాము. పక్కింటి బడగ అవ్వ చూచి తమిళంలో, "ఏం తంబీ, ఆకు పోయిందిగాని గడ్డ పోలేదే!" అన్నది. మేము నవ్వి ఊరుకొన్నాము. ఏప్రిల్ వానలకు ఆ పెంటకుప్పమీదనే డాలియాలు మొలిచినవి!

చలిచోట కొత్తగా తోట వేసేవారు ఆకును చూచి మొక్కను ఎన్నుకోరాదు. అది నేలలోపల ఏమి దాచుకొన్నదో చూడవలె. గడ్డో, దుంపో, లావుపాటి వేరో ఉన్న మొక్క పైన మాడినా మరల లేస్తుంది. ఒకసారి నాటితే ఏండ్ల తరబడి ఉంటుంది, ఏటేటా విత్తనాల ఖర్చు లేదు. మాబోటి గుమాస్తాలకు అది చిన్నమాట కాదు.

అన్నిటికన్న సులువైనది అగపాంథస్. దక్షిణాఫ్రికా మొక్క. పట్టీలవంటి ఆకులు, పొడుగాటి కాడ చివర నీలిపూల గుత్తి. నాటి మరచిపోయినా నొచ్చుకోదు. నాలుగైదేండ్లకు దుబ్బు ఇరుకైతే పారతో చీల్చి పంచిపెట్టవచ్చును. మా వీధిలో సగం ఇండ్లలోనివి ఒక్క దుబ్బు పిల్లలే. ఆ దేశపుదే ఆరం లిల్లీ. నీలగిరి వాగుల పక్కన తనంతట తానే పెరుగుతున్నది. తేమచోటు చాలును. కాని దాని రసం నోట పడితే మంట. పసిపిల్లలున్న ఇంట జాగ్రత్త. షాస్తా డైసీని అమెరికాలో లూథర్ బర్బాంక్ ఏండ్ల తరబడి సంకరాలు చేసి 1901లో లోకానికిచ్చినాడు. తెల్లని రేకులు, నడుమ పసుపుబొట్టు. మా ఇంట్లోవారికి పూజకు అదే చేమంతి.

హైడ్రాంజియా సంగతి వేరు. దానికి గడ్డ లేదు, కొమ్మ ఉన్నది. జూన్ వానలలో పెన్సిలంత కొమ్మ గుచ్చితే వేరు పట్టుతుంది. ఈ కొండల నేల పులుపు నేల. అందులోని అల్యూమినియం వేళ్లకు అందుతుంది గనుక పూలు నీలంగా పూస్తవి. సున్నం ఎక్కువైన నేలలో అదే మొక్క గులాబిరంగు పూస్తుంది. మా గోడసున్నం రాలేచోట ఉన్న మొక్క రెంటికీ నడుమ రంగు పూసి, వచ్చినవారిచేత "ఇది వేరే జాతా?" అనిపించుకొంటున్నది. ఎండిన పూలగుత్తులు చూడ బాగుండవని డిసెంబరులో కత్తిరించరాదు. లోపలి మొగ్గలకు అవే గొడుగు. మంచు రోజులు పోయిన తరువాతనే కత్తెర.

లేతమొక్కలకు సందెవేళ పుల్లలు నాటి పైన గోనెపట్టా కప్పవలె. అది ఆకును తాకరాదు. ఎండ వచ్చిన తరువాత తీసివేయవలె. పగలు పాదు తడిపి ఉంచితే నేల కొంత వెచ్చదనం దాచుకొంటుంది.

1848లో మెక్ఐవర్ దొర పర్యవేక్షణలో మొదలైన ఇక్కడి బొటానికల్ తోటకు మే నెల పుష్పప్రదర్శనకు వచ్చి, చూచిన పూవునెల్లా కొనుక్కొని పోయేవారు చాలామంది. తోట వేయదలచినవారు జనవరిలో పొద్దున్నే పోయి ఏది పచ్చగా నిలిచినదో చూచి రావలె.

తులసి ఇప్పుడు వంటింటి కిటికీలో పాత నూనెడబ్బాలో ఉన్నది. చుట్టూ తిరుగుటకు చోటు లేదు. అమ్మగారు దాని ఎదుట నిలుచున్నచోటనే మూడుసార్లు తిరిగి దండం పెట్టుకొంటారు.